పూల లంగాలో సీసా

నా చిన్నప్పుడు మా తాత మీద వచ్చినంత కోపం నాకు మరెవరి మీదా రాలేదు. అప్పట్లో హఫీజ్‌పేట ఉత్త పల్లెటూరు. తాతకు మూత్రం ఆగిపోతే రైలెక్కించి పట్నం దవాఖానకు తీసుకుపోయారు. అక్కడ రబ్బరు గొట్టం వేసి, దాని కొసకు ఒక సీసా తగిలించి ఇంటికి పంపారు. సీసా ఎప్పుడూ నడుముకన్నా కిందే ఉండాలని, పైకెత్తితే మూత్రం వెనక్కి పోయి లోపల చీము పడుతుందని, జ్వరం వస్తుందని డాక్టరు మా మేనత్తకు మరీమరీ చెప్పాడు.

తాత వింటే కదా. పది ఊళ్ల తగువులు తీర్చిన మనిషి. పలకరించడానికి ఎవరైనా గడప తొక్కితే చాలు, సీసాను ఎత్తి మంచం మీద పెట్టుకుని దుప్పటి కప్పేసేవాడు. వచ్చినవాళ్లేమో చాయ్ తాగి, ఊరి ముచ్చట్లన్నీ అయితే గాని లేచేవాళ్లు కాదు. సాయంత్రానికి తాత గడగడ వణికిపోయేవాడు. అత్త చెప్పింది, తిట్టింది, అలిగి అన్నం మానేసింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఒకసారి జ్వరం బాగా ముదిరి తాత మమ్మల్నెవరినీ గుర్తుపట్టలేదు. మళ్లీ పట్నం తీసుకుపోతే, సూదులు వేసి బతికించిన డాక్టరు, ఇంకోసారి వస్తే మనిషి దక్కడన్నాడు.

ఇంటికి రాగానే అత్త నాకు పొట్టిదైన పూల లంగా బయటికి తీసింది. అడుగు కుట్టేసింది. నాడా ఎలాగూ ఉంది కదా. సీసాను అందులో దించి, నాడాతో మంచం పట్టెకు కిందికి వేలాడేలా కట్టింది. నా లంగా అని నేను ఏడిస్తే నెత్తిన ఒక్కటి మొట్టింది. ఆ పొద్దు వచ్చినవాళ్లు అదేందని అడిగితే మందుల సంచి అని చెప్పింది. తాత చెయ్యి కిందికి పోలేదు.

వాళ్లు పోయాక అత్త కళ్లు తుడుచుకుంది. “సిగ్గయితుందని ఒక్క మాట చెప్పొద్దా నాయినా? గిన్ని దినాలు ఊకె తిట్టించుకున్నవ్.”

“చెప్పుడే సిగ్గు బిడ్డా,” అన్నాడు తాత.

గొట్టం తీసేసేదాకా మళ్లీ జ్వరం రాలేదు. మాట వినని ముసలివాళ్లంటే నాకు ఇప్పటికీ విసుగే. కానీ తిట్టు నోటిదాకా వచ్చాక, వీళ్లు దేనికి సిగ్గుపడుతున్నారో అని ఒక్క క్షణం ఆగుతాను. నేను నీళ్లు సరిగ్గా తాగడం లేదని, మూత్రంలో మంట అందుకేనని ఈమధ్య మా కోడలు రోజూ కేకలేస్తుంది. తాగితే ఆపుకోలేక చీర తడుస్తుందని ఆమెకు చెప్పడానికి నాకింకా నోరు రాలేదు.