మెకానిక్ ఉన్నంతసేపూ ఆరిపోని కంప్యూటర్

మా వదినకు ఓపిక ఎక్కువని అందరూ అంటారు. ఆ మాట అనేవాళ్లెవరూ ఆమెను కంప్యూటర్ ముందు చూడలేదు.

వదినది ప్రెస్సులో పని. పుస్తకాల పేజీలు అమర్చి, బొమ్మలు పెట్టి, అచ్చుకు సిద్ధం చేస్తుంది. పొద్దున్నే రెండు బస్సులు మారి వెళ్లి, చీకటి పడ్డాక నడుము పట్టుకుని వచ్చేది. ఎంతో బతిమాలితే ఓనరు ఒక మాటకు ఒప్పుకున్నాడు. ఈ ఒక్క పుస్తకం ఇంట్లో చేసి, శుక్రవారం ప్రెస్సు మూసేలోగా పంపితే, ఇక ఇంటినుంచే చేసుకోవచ్చు. లేదంటే మళ్లీ బస్సులే.

మా ఇంట్లో కంప్యూటరేమో పనిలో ఉండగా టప్పున ఆరిపోతుంది. హెచ్చరిక లేదు, పాడు లేదు. సేవ్ చెయ్యని పేజీలు గాల్లో కలుస్తాయి. అన్నయ్య ప్లగ్గు మార్చాడు, వైర్లన్నీ పీకి మళ్లీ గుచ్చాడు. మెకానిక్ రెండుసార్లు వచ్చాడు. అతను ఉన్నంతసేపూ అది బుద్ధిగా పనిచేసింది.

"బాగానే ఉందిగా మేడమ్. మీరే ఏదో నొక్కుతున్నట్టున్నారు," అన్నాడు వెళ్తూ.

"ముందు ఆయన పీక నొక్కాలి," అని వదిన నాతో గొణిగింది. నాకూ అదే అనిపించింది.

ఇక్కడ మా అమ్మ సంగతి చెప్పాలి. మా ఇంట్లో అమ్మ తొడుగు కుట్టని వస్తువు లేదు. మిక్సీకి ఉంది, రిమోటుకు ఉంది, ఇస్త్రీపెట్టెకూ ఉంది. టేబుల్ కింద మూలనుండే కంప్యూటర్ డబ్బాకైతే పాత దుప్పటి మడతలు పెట్టి, అంచుకు పూలు కూడా కుట్టింది. బయటివాళ్లు వస్తే మాసిపోతుందని తీసి దాస్తుంది, వాళ్లు వెళ్లగానే మళ్లీ వేస్తుంది. మెకానిక్ వచ్చినప్పుడూ అదే చేసింది. అన్నీ తొడుగుల్లోనే ఉండే ఇంట్లో ఇంకో తొడుగు ఎవరి కంటికీ ఆనలేదు.

శుక్రవారం మధ్యాహ్నం, చివరి అధ్యాయం మధ్యలో అది మళ్లీ ఆరింది. వైరు వదులైందేమోనని వదిన టేబుల్ కిందికి దూరింది. డబ్బాను తాకి చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది.

"కాలిపోతోందత్తయ్యా. ఆన్‌లో ఉన్నప్పుడు కూడా కప్పుతున్నారా దీన్ని?"

"ఆన్‌లో ఉంటే దుమ్ము పడదా ఏంటమ్మా?"

గాలాడే చిల్లులన్నీ మూసుకుపోయి, లోపల వేడెక్కి ఆరిపోతోందని వదిన చెప్పింది. చెప్పడం కాదు, అరిచింది. "నేను మళ్లీ ఆ బస్సుల్లో పడి చావాలా?"

అమ్మ ముఖం చిన్నబోయింది. "నువ్వు ఇంట్లో ఉండాలనే కదమ్మా. నువ్వు వెళ్తే పగలంతా గోడలతో మాట్లాడుకునేదాన్ని. ఇది పాడైతే మళ్లీ వెళ్లిపోతావని కుట్టాను."

వదిన వంగి ఆ తొడుగు తీసి పక్కన పెట్టింది. నాకు ఇద్దరి మీదా జాలేసింది. చిరాకు మాత్రం పోలేదు.

డబ్బా చల్లారాక వదిన మళ్లీ కూర్చుంది. అమ్మ పక్కనే స్టూలు వేసుకుని, ఒక అట్టముక్కతో డబ్బాకు విసరడం మొదలుపెట్టింది. సాయంత్రానికి పేజీలు వెళ్లాయి. అందాయని ఓనరు ఫోన్ చేశాడు, ఇక ఇంట్లోనే చేసుకోమన్నాడు.

"అయిపోయిందత్తయ్యా. ఇక ఆపండి, చెయ్యి నొప్పెడుతుంది."

అమ్మ ఆపలేదు. "సోమవారం కూడా పని చెయ్యాలి కదమ్మా ఇది," అంది.