పోసే మనిషి

నా చిన్నప్పుడు మా ఊరి దయ్యాలు రాత్రిపూట తిరిగేవి కావు. ఎండ నడినెత్తికి వచ్చాక, మిట్టమధ్యాహ్నం, బావిగట్ల మీద తిరిగేవి. రాత్రి దయ్యాల కథలు ఎవరైనా చెబితే నాకిప్పటికీ నవ్వొస్తుంది. పగటి దయ్యం మాట ఎత్తితే మాత్రం నీళ్ల చెంబు వెతుక్కుంటాను. ఎందుకంటే ఆ దయ్యాన్ని పుట్టించింది మా అవ్వే.

అవ్వ అంటే మా అమ్మను కన్న తల్లి. మాది పెద్దమందడి దగ్గర పల్లె, సొంత భూమి లేదు. యాసంగి పంట పల్లికాయ తెంపే రోజులు వస్తే అవ్వ మా వాడలోని ఆడవాళ్లను వెంటబెట్టుకుని పటేల్ చేనుకు పోయేది. పీకిన చెట్లను కుప్పలు పోసుకుని, చుట్టూ కూర్చుని, వేళ్లు బొబ్బలెక్కేదాకా కాయలు తెంపేవాళ్లు. ఒంటిపూట బడి కాగానే నేనూ అక్కడికే పోయేదాన్ని.

చేను నడుమనే బావి ఉండేది. గట్టు మీద తాడు, బొక్కెన ఎప్పుడూ ఉండేవి. మా వాడవాళ్లు వాటిని ముట్టుకోకూడదు. పటేల్ ఇంటి జీతగాడు వచ్చి, నీళ్లు చేది, ఎత్తు నుంచి పోస్తే మేము వంగి దోసిలి పట్టి తాగాలి. అతనికి పేరుండేది గానీ మావాళ్లు 'పోసే మనిషి' అనే అనేవాళ్లు. దాహమైతే నీళ్లేవి అని కాదు, పోసే మనిషి వచ్చిండా అని అడిగేవాళ్లు. నేనూ అట్లాగే అడగడం నేర్చుకున్నాను.

నేను మూడో తరగతి చదివే ఏడు, ఒక రోజు పటేల్ ఇంట్లో ఏదో శుభకార్యమని పోసే మనిషి అటే ఉండిపోయాడు. అవ్వకు చిన్నబిడ్డ, మా చిన్నమ్మ, తల తిరుగుతోందని లేచి పోయి బావిగట్టు మీద కూర్చుంది. బొక్కెన ఆమె కాలికి తగిలేంత దగ్గర ఉంది. కాసేపటికొకసారి మా దిక్కు చూసి "పోసే మనిషి వచ్చిండా?" అని అడిగేది. ఇగో వస్తడు, అగో వస్తడు అని మావాళ్లు చెప్పేవాళ్లు. చివరికి అవ్వ లేచి తాడు పట్టుకోబోతే, రేపటి నుంచి మా వాడలో ఎవ్వరికీ కూలి ఉండదని మావాళ్లే ఇద్దరు ఆమె చేతులు పట్టి ఆపారు. ఆ ఇద్దరూ ఎవరో నాకు గుర్తే. వాళ్ల తప్పేమీ లేదని తెలుసు, అయినా గుర్తే. పోసే మనిషి వచ్చేసరికి చిన్నమ్మ గట్టు మీద పక్కకు ఒరిగిపోయి ఉంది. నీళ్లు ముఖం మీద పోశాడు. అప్పుడు కూడా ఎత్తు నుంచే.

మర్నాడు పెద్దమనుషులు ఒక కాగితం రాయించారు. రాసింది మా బడి పంతులు. నాకు అక్షరాలు నేర్పింది ఆయనే, అందుకే ఆయన మీద నాకు మిగతావాళ్ల మీద కన్నా ఎక్కువ కోపం. 'మిట్టమధ్యాహ్నం బావి దగ్గర కూర్చున్నందున గాలి సోకి చనిపోయినది. మాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు.' అవ్వ వేలికి సిరా పూస్తుంటే నేను పక్కన నిలబడి ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను. ఫి, ర్యా, దు. ఫిర్యాదు అంటే ఏంది సార్ అని అడిగాను. ఆయన ఆ మాట మీద అరచెయ్యి పెట్టి, "నువ్వు జర బయటికి పో" అన్నాడు. అవ్వ వేలిముద్ర పడింది.

గాలి అంటే మా దిక్కు దయ్యమే. నా బిడ్డ దాహంతో పోయిందని చెప్పడానికి అవ్వకు ఇక దారి లేదు, వేలిముద్ర పడిపోయింది. కూలి పోతుందనే భయం ఎట్లాగూ ఉంది. కానీ గాలి అన్న మాట వాళ్లే అన్నారు కదా. అవ్వ ఆ ఒక్క మాటను పట్టుకుంది.

మరుసటి ఏడు మళ్లీ అదే చేను, అవే కుప్పలు. పటేలమ్మ గొడుగు వేసుకుని వచ్చి కావలి కూర్చునేది. ఆమెకు కథలంటే ఇష్టం. ఏదన్నా చెప్పవే ముసలీ, పొద్దు పోతలేదు అంది. అవ్వ తలెత్తకుండా, కాయలు తెంపుతూనే మొదలుపెట్టింది. ఒక ఊళ్లో ఒక బావి, ఆ గట్టు మీద మిట్టమధ్యాహ్నం ఒక గాలి కూర్చుంటుంది. ఎవ్వరినీ పట్టదు, కొట్టదు. దోసిలి పట్టుకుని, వచ్చే పోయేవాళ్లను ఒకటే అడుగుతుంది, పోసే మనిషి వచ్చిండా అని. రాలేదని చెప్పినవాళ్లకు ఇంటికి పోయాక దాహం మొదలవుతుంది. చెంబెడు తాగినా, బిందెడు తాగినా ఆ దాహం తీరదు.

తెంపే చేతులన్నీ ఆగిపోయాయి. ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. పటేలమ్మ మొదట నవ్వుతూనే వింది. తరువాత గొడుగు కింద పెట్టింది.

"ఎవరే ఆమె? ఏ ఊరామె?"

"నాకేం ఎరుక దొరసానీ. గాలికి ఊరుంటదా?" అంది అవ్వ.

పటేలమ్మ లేచి పోయి నీళ్లు తాగింది. కూర్చుని, మళ్లీ లేచి తాగింది. మర్నాటి నుంచి వేపచెట్టు కింద మాకోసం ఒక కొత్త కుండ, దాని మీద బోర్లించిన గ్లాసు వచ్చాయి. గ్లాసు అంచు సొట్టపోయి ఉండేది. మా చేతులతో మేమే ముంచుకుని తాగాము. నేను మూడు గ్లాసులు తాగి, గెలిచినట్టు ఎగురుకుంటూ అవ్వ దగ్గరికి పోయాను. అవ్వ ఆ కుండ నీళ్లు ముట్టలేదు.

"మనిషిగ అడిగితే పోయలే బిడ్డా. దయ్యమైనంక పెట్టిండ్రు" అంది. అంతే అంది.

ఆ కుండ వారం కూడా లేదు. పటేలమ్మకు దాహం తగ్గలేదట. గద్వాల అవతలి నుంచి గాలిని కట్టే మనిషిని పిలిపించారు. సగం తెలుగు, సగం కన్నడం మాట్లాడేవాడు. వేపచెట్టుకు మేకు కొట్టి గాలిని బంధిస్తానన్నాడు. దానికి గాలి పేరు కావాలన్నాడు. హెసరేను, హెసరేను అంటూ చుట్టూ ఉన్నవాళ్లను అడిగాడు. పేరేందని ఆయన అడుగుతుంటే పటేలమ్మ సూటిగా మా అవ్వనే చూసింది. ఆమెకు తెలుసు. అందరికీ తెలుసు.

పేరు చెబితే, ఆ గట్టు మీద దాహంతో పోయింది ఎవరో అందరి ముందూ ఒప్పుకున్నట్టే అవుతుంది. ఏడాది పాటు అవ్వ కోరుకున్నది అదే. కానీ చెప్పిన మరుక్షణం ఆ పేరు మీదనే మేకు దిగుతుంది. అవ్వ నా భుజం పట్టుకుని నిలబడింది. ఆ వేళ్ల నొప్పి నాకింకా తెలుసు.

"నాకు తెల్వదు" అంది.

కన్న బిడ్డ పేరు తెలియదంది. పేరు లేకుంటే గట్టిగ పట్టదు అని గొణుక్కుంటూ ఆ మనిషి మేకు కొట్టాడు. ఒక్కో దెబ్బకు అవ్వ భుజం కదిలింది. మర్నాడు కుండ లేదు, సొట్ట గ్లాసు లేదు. పోసే మనిషి వచ్చాడు. మేము వంగి దోసిలి పట్టాము. అవ్వ ఆ తరువాత ఎన్నడూ ఆ కథ చెప్పలేదు. అడిగితే, "నా బిడ్డను నేనే మేకు దాకా తెస్తిని" అనేది.

ఇప్పుడు నాకు మనవరాళ్లున్నారు. నేను మంచిదాన్నని వాళ్లు అనరు, తగువులమారి అంటారు. నిజమే. చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టను, దవాఖాన చీటీ అయినా సరే. పటేల్ ఇంటి నుంచి ఎన్ని పెళ్లి పత్రికలు వచ్చినా గడప తొక్కలేదు. చిన్నమ్మ చావు గురించి అర్జీలు రాసుకుని ఎన్ని సోమవారాలు ఆఫీసుల వరండాల్లో కూర్చున్నానో. పాత సంగతి అంటారు, సాక్ష్యం లేదంటారు, సార్ ఇంకా రాలేదంటారు. ఆ చివరి మాట విన్నప్పుడల్లా నా చేతులు వాటంతటవే ఒళ్లో దోసిలిగా ముడుచుకుంటాయి. నేను ఆపుకోలేను.

మా వాడ పిల్లలకు ఆ కథ నేనే చెబుతాను, మిట్టమధ్యాహ్నమే చెబుతాను. వింటూ నీళ్ల సీసాలు దగ్గరికి లాక్కుంటారు. చివర్లో ఎవరో ఒకరు ఆమె పేరేందని అడుగుతారు. తెల్వదంటాను. ఇక్కడ కూడా రాయను. ఆ పేరు నా అర్జీలో మొదటి వరసలో ఉంది. దాన్ని అందుకునే మనిషి ఇంకా రాలేదు.