కొత్త సూపర్‌హీరో, రవి వాళ్లమ్మ

మేం చిన్నప్పుడు పడి చచ్చిన సూపర్‌హీరో సినిమాని కొత్త నటుడితో మళ్లీ మొదటినుంచీ తీశారు. అది ఈ రోజు ఓటీటీలోకి వచ్చింది. పొద్దున్నుంచీ మా స్కూల్ ఫ్రెండ్స్ గ్రూపులో ఒకటే గొడవ. కొత్తవాడు అదరగొట్టాడని కొందరు, పాతవాడి కాలిగోటికి సరిపోడని కొందరు. నేనూ గట్టిగానే తిట్టాను.

మధ్యాహ్నం గ్రూపులోకి రవి నంబర్ నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. మాతో చదువుకున్న రవి పోయిన ఏడాది జ్వరంతో చనిపోయాడు. మాట్లాడింది వాళ్లమ్మ, మేం పిన్ని అని పిలిచే ఆవిడ.

"బాబూ, ఈ సినిమా వత్తాది, వత్తాది అని మావోడు తెగ ఎదురుసూసీవోడు. ఇంట్లో టీవీలో ఎలా సూడాలో సెప్పండర్రా."

నేను డ్యూటీ దిగి తిన్నగా గోల్‌మురి కాలనీలో వాళ్ల క్వార్టర్‌కి వెళ్లి, నా అకౌంట్‌తో ఇక్కడ అందరికీ అలవాటైన హిందీలో సినిమా పెట్టాను. పిన్ని మంచం అంచున కూర్చుంది. కాసేపు చూసి అడిగింది.

"ఈడు మావోడి గోడమీద పోస్టర్లో ఉన్నోడు కాడు కదా?"

"కాదు పిన్నీ. ఆయన్ని మార్చేశారు."

"మరి ఆడి కోసం ఎవులూ ఏడవనేదేటి?"

"ఏడుస్తున్నారు పిన్నీ. పొద్దున్నుంచీ అదే పని."

సినిమా అయ్యాక రిమోట్ తీశాను. పిన్ని నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు నానా. పేర్లు అయ్యాక ఇంకో ముక్క ఉంటాదని మావోడు ఎప్పుడూ లెగనిచ్చీవోడు కాదు."

ఇద్దరం పేర్లన్నీ పోయేదాకా కూర్చున్నాం. చివర ఏమీ రాలేదు.

"ఈసారి నేదు కాబోలు," అని తనే టీవీ ఆపేసింది.

సినిమా ఎలా ఉందని గ్రూపులో అడుగుతున్నారు. మీరైతే ఏం చెప్తారు?