దీపం లేని దోమల ఉచ్చు

వర్షాకాలం చివర, మధ్యాహ్నం రెండింటికి హెలికాప్టర్ మమ్మల్ని బస్తర్‌లో, చింతలనార్ దగ్గరి క్యాంపులో దింపింది. నేలంతా ఎర్ర బురద. మూడు వైపులా అడవి, ఒక వైపు వరి. నా సామాను: రైఫిలు, దుప్పటి, దోమతెర. వాటితో పాటు ఆరు దోమల ఉచ్చులు, రెండు ఐసు పెట్టెలు.

నేను హవల్దార్‌ని. చదువు పదితో ఆగినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. అందుకే దోమలను పరీక్షించే శాస్త్రవేత్త మేడంకి నన్ను తోడు వేశారు. మూడు చోట్ల దోమల్ని పట్టాలి: భోపాల్‌పట్నం దగ్గర ఇంద్రావతి ఒడ్డు, మద్దేడ్ దాటాక హైవే, ఈ అడవి. చోటు మారితే దోమ మారుతుంది. అది మోసే వైరస్ కూడా మారవచ్చు. నది, రోడ్డు ముగించి అడవికి వచ్చాం.

క్యాంపులో అప్పటికే ముగ్గురు డ్రైవర్లు కీళ్లనొప్పుల జ్వరంతో పడుకుని ఉన్నారు. కమాండర్ ఆర్డరు ఒకటే. "జ్వరం ఇక్కడి దోమలదా, బయటిదా తేలేదాకా ఎవరికీ సెలవు లేదు."

ఆ మాటకి అందరికంటే కుంగిపోయింది క్యాంపు వంటవాడు. శ్రీకాకుళం మనిషి. కార్తీకంలో అతని పెళ్లి.

"బేగి పట్టండి బాబూ ఆ దోమల్ని," అన్నాడు నాతో. "మా మావ అసలే అనుమానం మనిషి. జొరం పేరు సెప్పి తప్పించుకుంతన్నాననుకుంతాడు."

సాయంత్రం ఐదున్నరకు ఉచ్చులు చెట్లకు కట్టాం. పైన చిన్న దీపం, కింద ఫ్యాను, దాని కింద వల. దీపం దగ్గరికి వచ్చిన దోమను ఫ్యాను వలలోకి లాగేస్తుంది. తెల్లారి చూస్తే వలలు ఖాళీ. మర్నాడూ ఖాళీయే. మమ్మల్ని మాత్రం దోమలు వదల్లేదు.

వంటవాడు సంబరపడ్డాడు. "సున్నా వచ్చిందంటే దోమల్లేవన్నట్టే కదండీ?"

"కాదు. లెక్క ఇంకా మొదలే కాలేదని," అన్నాను.

మూడో సాయంత్రం ఉచ్చులు కట్టి, కొంచెం దూరంలో నిలబడి చూశాను. గస్తీ జవాను ఒకడు గోనెసంచులు తెచ్చి, ఒక్కొక్క ఉచ్చునూ శ్రద్ధగా కప్పేస్తున్నాడు. బీహార్ వాడు.

"ఏం చేస్తున్నావు?"

"చీకటి పడితే బయట లైటు కనబడకూడదు హవల్దార్ సాబ్. స్టాండింగ్ ఆర్డర్. రోజూ నేనే కప్పి, పొద్దున్నే తీసేస్తున్నా."

ఉచ్చుల దీపాలకి వాకీటాకీలో కమాండర్‌ని అనుమతి అడిగాను.

"వాడు చేసింది కరెక్టు. దోమ కోసం తూటాని పిలవలేను. ఓవర్."

మేడం పగలబడి నవ్వింది. తర్వాత ఆలోచించింది. "దీపం తీసేద్దాం. మనిషి ఊపిరిలో వదిలే గాలి తగిలితే చాలు, దోమ వచ్చేస్తుంది. పులిసే దేంట్లోంచైనా ఆ గాలే వస్తుంది. ఇక్కడ పులిసేది ఏముంది?"

"ఇప్పపువ్వు!" ఇద్దరం ఒకేసారి అన్నాం.

గేటు ముందు నుంచి కట్టెలమోపుతో వెళ్తున్న ఒక పెద్దావిడని అడిగాం.

"ఏంది సారూ, మీరే సారా కుండలు అడుగుతున్నరు?"

"తాగడానికి కాదమ్మా. దోమలకు."

ఆవిడ మోపు దించి మరీ నవ్వింది. "మా ముసలోడు గూడ గట్లనే చెప్తడు. నాక్కాదు, సుట్టాలకని!"

అయినా మర్నాడు కుండలు తెచ్చిచ్చింది. ఎండాకాలం ఎండబెట్టి దాచిన ఇప్పపువ్వు, నీళ్లలో పులుస్తోంది. మూతకి గొట్టం బిగించి, కొసను ఉచ్చు దగ్గర పెట్టాం. గస్తీ జవానును కుండలకు కాపలా పెట్టాం, మా వాళ్ల బారిన పడకుండా.

తెల్లారి వలల్లో రెండు వందల పన్నెండు దోమలు. మేడం వాటిని జాతులవారీగా వేరుచేసి, సన్న గొట్టాల్లో నింపి, ఐసులో పెట్టింది. హెలికాప్టర్‌లో అవి ప్రయోగశాలకు వెళ్లాయి.

కొన్నాళ్లకు రేడియోలో ఫలితం వచ్చింది. "అడవిలో, నది ఒడ్డున పట్టిన దోమల్లో వైరస్ లేదు. హైవే పక్కన పాత టైర్ల దగ్గర పట్టిన వాటిలో చికున్‌గున్యా ఉంది. ఓవర్."

డ్రైవర్లు ముగ్గురూ టీ కోసం బళ్లు ఆపేది ఆ టైర్ల పక్కనే. టైర్లు తీయించమని కబురు వెళ్లింది. సెలవులు మంజూరయ్యాయి.

మా డ్యూటీ ముగిసి, వంటవాడితో కలిసి ఒకే హెలికాప్టర్‌లో బయలుదేరాం. ఎక్కేముందు గస్తీ జవాను అతని తలకి దోమతెర టోపీ తొడిగాడు. దాని నిండా అడవిపూలు కుట్టి ఉన్నాయి.

"మా వైపు పెళ్లికొడుక్కి ముఖం మీద పూలతెర ఉండాలి."

"మా వైపు బాసికమేరా నాయనా!" అన్నాడు వంటవాడు. కానీ తీయలేదు.

బస్తర్‌లో ఏం చూశావని ఊళ్లో ఇప్పటికీ అడుగుతారు. నాకు కనబడేది ఒక్కటే. హెలికాప్టర్ రెక్కల గాలికి ఆ తెర పైకి లేచింది. పూరేకులన్నీ మా మీద రాలాయి. లోపల ముఖం నిండా నవ్వు, ఎడమ చెంప మీద అప్పుడే దోమ కుట్టిన దద్దు.