తీసుకోలేమన్న ఫిర్యాదు

అరబ్బు దేశంలో, జహ్రా అనే ఊళ్లో నేను పనిచేసే టైపింగ్ ఆఫీసుకి ఆ అక్క మొదటిసారి వచ్చినప్పుడు కూర్చోమన్నా కూర్చోలేదు. ఎగైలాలో ఒక ఇంట్లో వంట చేసేది. రాయచోటి మనిషి, నాది కడప. నేను అరబీలో అర్జీలు రాస్తానని విని, సెలవు రోజున రెండు బస్సులు మారి వచ్చింది.

"నా చెల్లెలు ఈ జహ్రాలోనే ఒక ఇంట్లో ఉండాది అన్నా. కాంట్రాక్టు అయిపోయి తొమ్మిది నెలలాయ. పంపీమంటే పంపరు. పాస్‌పోర్టు ఆ ఇంటి యజమానురాలు, వాళ్ల మామా, బీరువాలో పెట్టుకుండాది. ఊర్లో దాని కూతురికి కాన్పు దగ్గరికొచ్చె."

ఇంటిపనివాళ్ల ఫిర్యాదులు తీసుకునే ఆఫీసు ఇక్కడ ఉందని నాకు తెలుసు. కానీ అక్కడ తిప్పుతారనుకున్నాను. ఈ చుట్టుపక్కల దేశాలన్నిటికీ పైనుండే ప్రాంతీయ మానవ హక్కుల కమిషన్ గురించి ఆ మధ్యే చదివాను. దానికే రాద్దామన్నాను. నాలుగు పేజీలు రాశాను. రాస్తూ రాస్తూ నాకే ఆవేశం వచ్చింది. అక్కతో సంతకం పెట్టించి మెయిల్ చేశాను.

తర్వాత నా చేతులు ఊరుకోలేదు. ఒకరికి ఇక్కడ ఉండే అనుమతి కోసం ఇఖామా ఫారం నింపుతూ మధ్యలో మెయిల్ చూసేవాణ్ణి. టీ తాగుతూ చూసేవాణ్ణి. ఏడు వారాలకు ఒక్క పేజీ జవాబు వచ్చింది. ఫిర్యాదు స్వీకరించడానికి వీల్లేదని.

అక్క వచ్చాక చదివి చెప్పాను.

"అంటే అబద్ధమన్నారా?"

"లేదక్కా. నిజమా అబద్ధమా అన్నదాకా పోనే లేదు. ముందు ఇక్కడి ఆఫీసుల్లో అడగాలంట. ఇక్కడ పని కాకపోతేనే వాళ్ల దగ్గరికి పోవాలంట. ఇంకోటి, బాధ పడేది మీ చెల్లెలు కదా, ఆమె సంతకం లేదు, ఆమె ఒప్పుకున్నట్టు కాగితం లేదు."

"ఇది నీకు ముందే తెల్దా అన్నా?"

కమిషన్ వెబ్‌సైట్లో మొదటి పేజీలోనే ఉంది. నేను తొందరలో దాటేశాను. ఆ మాటే చెప్పాను. ఆమె తిట్టలేదు. "సరే, ఇప్పుడేం చేద్దాం?" అంది. తిట్టినా బాగుండేది.

చెల్లెలు ఇక్కడి ఫిర్యాదుల ఆఫీసుకి స్వయంగా రావాలి. చెప్పకుండా ఇల్లు దాటితే, ఆ ఇంటివాళ్లు పారిపోయిందని కేసు పెట్టొచ్చు. అంతకంటే ముందే ఆమె ఫిర్యాదు నమోదు కావాలి. శుక్రవారం ఆమెకు ఫోన్ ఇచ్చే పది నిమిషాల్లో అక్క అంతా చెప్పింది.

ఆదివారం పొద్దున చెల్లెలుండే వీధి చివర అక్కా నేనూ కారులో కూర్చున్నాం. నేను ఇంజిన్ ఆపి, మళ్లీ స్టార్ట్ చేసి, మళ్లీ ఆపాను. చెత్త సంచి పట్టుకుని ఆమె బయటికి వచ్చింది. సంచి డబ్బాలో వేసి, ఇంటి చెప్పులతోనే నడిచొచ్చి ఎక్కింది. "యల్లా అన్నా, పోనీ."

ఆఫీసులో గుమాస్తా ఏం కావాలని అడిగాడు. వంటింట్లో నేర్చుకున్న అరబీలో, ఇంటికి పోవాలి, పాస్‌పోర్టు కావాలి అంది. అతను అర పేజీ రాశాడు. ఆమె తెలుగులో సంతకం చేసింది. ఆరోజే షెల్టరుకి పంపారు.

మూడో రోజు యజమానులను పిలిపించారు. వాళ్లకోసం ఎదురుచూస్తూ బెంచీ మీద కూర్చున్నప్పుడు చెల్లెలు అడిగింది.

"ఆ పెద్ద ఆఫీసుకు నా గురించి ఏం రాస్నావన్నా?"

కాగితాలు సంచిలోనే ఉన్నాయి. తెలుగులో చెబుతూ పోయాను. రెండో పేజీలో ఆపింది.

"కొట్టినారని రాస్నావా? నన్నెవురూ కొట్టల్యా. నన్నడిగింటే చెప్పేదాన్ని కదా."

అక్క నావైపు చూసింది. ఆమె నాకు ఆ మాట చెప్పనే లేదు. బలంగా ఉంటుందని నేనే కలిపాను. అంతదాకా సంతకం అడిగినందుకు కమిషన్ని తిట్టుకుంటూనే ఉన్నాను.

మామా వచ్చింది. కూర్చోకుండానే, మా ఇంట్లో నీకేం తక్కువ చేశామని అడిగింది. అధికారి చెల్లెలివైపు తిరిగి, ఎవరైనా చెయ్యి చేసుకున్నారా అన్నాడు.

"లేదు. ఏం తక్కువ చేయలేదు మామా. నేను ఇంటికి పోవాల, అంతే."

మామా హ్యాండ్‌బ్యాగ్ తెరిచి పాస్‌పోర్టు తీసి బల్ల మీద పెట్టింది. "ఖలాస్," అంది.

మిగతా కాగితాలకు ఇంకో రెండు వారాలు పట్టింది. చెల్లెలు ఇల్లు చేరేసరికి మనవరాలికి పన్నెండు రోజులు. కాన్పప్పుడు కూతురి పక్కన అత్తగారు ఉందట.

మొదటే ఇక్కడి ఆఫీసుకి పోయుంటే ఆమె ఏడు వారాలు ముందే చేరేది. అక్క ఫోన్ చేసినప్పుడు అదే అన్నాను.

"పోనీలే అన్నా, నువ్వు మంచికే చేస్తివి," అంది.

ఫోన్ పెట్టేశాక లేచి బయటికెళ్లాను, మళ్లీ లోపలికొచ్చాను. కౌంటర్ దగ్గర ఇద్దరు నిలబడి ఉన్నారు. ఎవరు ముందొచ్చారని అడిగాను. అర్జీ ఎవరి కోసమని కూడా అడిగాను.