విషం కలపని గంజి

బాలమల్లుకు రష్యా భాషలో ఒక్క ముక్క రాదు. పోలండు భాష, చెక్ భాష సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ మాటకొస్తే గోదావరి ఒడ్డున ఉన్న ఆ బొగ్గుగనుల ఊళ్లో ఏ పెద్ద దొరకూ రాదు. అయినా గని పరిశోధనశాల గ్రంథాలయంలో ఆ భాషల్లో ఉన్న మూడు బీరువాల పుస్తకాలను అతను పదేళ్లు కంటికి రెప్పలా కాచాడు. బొమ్మలుంటే ఏది పైకో ఏది కిందికో తెలిసేది. బొమ్మలు లేనివి కొన్ని తలకిందులుగానే ఉండిపోయాయని నా అనుమానం.

పుట్టింది సిరిసిల్ల సాలోళ్ల ఇంట్లో. మగ్గం కూడు పెట్టక తమ్ముడు సారయ్యతో కలిసి గనికొచ్చాడు. యాభై ఏడులో గని కప్పు కూలి సారయ్య పోయాడు. కూలే ముందు, పక్కనే పనిచేస్తున్న బాలమల్లు చెవికి ఏ చప్పుడూ వినపడలేదు, కంటికి ఏ పగులూ కనపడలేదు. ఆ తర్వాత అతను భూమి కిందికి దిగనని మొండికేస్తే, జాలిపడి గ్రంథాలయంలో అటెండరుగా వేశారు.

మరుసటి ఏడు వచ్చి వెళ్లిన పరాయి దేశపు ఇంజనీర్లు ఆ పుస్తకాలు ఇచ్చిపోయారు. వాళ్లలో ఒక ముసలాయన సారయ్య సంగతి విని, రష్యా భాషలో ఉన్న ఎర్ర అట్ట పుస్తకం ఒకటి తెరిచి, దుంగలు నిలబెట్టిన గని బొమ్మ చూపించాడు. కప్పు కూలే ముందు ఏమేం గుర్తులిస్తుందో ఈ అధ్యాయంలో ఉందని దుబాసీ చేత చెప్పించాడు. బాలమల్లు ఆ పేజీ మీద చెయ్యి వేసి ఏడ్చాడు. తమ్ముడు పోయాక వచ్చిందా ఈ పుస్తకం! సరే, ఇంకొకరి తమ్ముడికైనా పనికొస్తుంది. చదివేవాడు వచ్చేదాకా దీన్ని బతికించాలి అనుకున్నాడు.

కాగితం మాత్రం మహా నాసి. ఏడాదికేడాది పసుపెక్కి, అంచులు అప్పడంలా విరిగేవి. చదవగలిగినవాణ్ని పంపమని హైదరాబాదుకు రాయండని బాలమల్లు ఆఫీసర్లను బతిమాలేవాడు. "ఎవడు సదువుతడని నీ పరేషాన్?" అని వాళ్లు నవ్వేవాళ్లు. ఈలోగా గని కప్పు ఇంకో రెండుసార్లు కూలింది.

వానాకాలం తప్ప రోజూ తెరిచి ఆ బొమ్మ చూసుకునేవాడు కదా, ముందుగా విరిగింది కూడా ఆ అధ్యాయమే. అరవై ఎనిమిది ఎండాకాలానికి పేజీలు ముక్కలవుతుంటే బాలమల్లు తన కులవిద్యనే నమ్ముకున్నాడు. తెగే నూలుకు బలమిచ్చేది గంజి కాదూ? భార్య శంకరవ్వ బియ్యం గంజి కాచింది. అక్షరాలు కనబడేంత పలచటి గుడ్డను అందులో తడిపి, ఒక్కో పేజీకీ రెండు వైపులా అతికించాడు.

బజార్లో పుస్తకాలకు జిల్దులు కట్టే ఖాదర్ అది చూసి తల కొట్టుకున్నాడు.

"బాలమల్లన్నా, గంజిల జర మైలుతుత్తం కలుపు. లేకుంటే పురుగు పడ్తది."

"అది విషం గద ఖాదర్ భాయ్! సాలోళ్లం గంజిల విషం కలుపుతమా? సదివెటోడు వేలు నాలిక్కద్దుకొని పేజీ తిప్పుతడు. ఆయన సస్తే?"

"ముందుగాల సదివెటోడు రానీ!"

"వస్తడు."

పదేళ్లు ఎదురుచూసినవాడికి ఆ రాబోయేవాడు అప్పటికే ఇంటి చుట్టం. చుట్టం నోట్లో విషమెలా పెడతాడు? మృగశిర కార్తె రాగానే, ఏటా చేసినట్టే, తేమ తగలకుండా బీరువా సందుల్లో గుడ్డలు కుక్కి తాళం వేశాడు. దసరా దాకా తెరవకూడదని అతని నియమం.

దసరా వెళ్లిన మూడో రోజునే, బీరువా తాళం ఇంకా తీయకముందే, దేవదాస్ వచ్చాడు. రష్యాలో ఐదేళ్లు చదివి గనిలో కొత్తగా చేరిన ఇంజనీరు. వస్తూనే ఆ పుస్తకం గురించే అడిగాడు. "ఎర్ర అట్టది. మాస్కోల ఎంత దేవులాడినా దొరకలే. గీడ ఉన్నదని తెలిసి ఉరికొచ్చిన."

బాలమల్లు కాళ్లూ చేతులూ కడుక్కొని, దేవుడి పటం తెచ్చినట్టు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆ క్షణాన అతనంత సంతోషంగా ఉన్న మనిషి ఆ జిల్లాలోనే లేడు.

దేవదాస్ తెరిచాడు. గంజి తగలని యంత్రాల అధ్యాయం అలాగే ఉంది. కప్పు అధ్యాయం రాగానే వెండి రంగు సన్న పురుగులు నలుదిక్కులా పారిపోయాయి. గంజి పట్టినచోటల్లా కాగితాన్ని తినేశాయి. చిల్లుల గుడ్డ, దానికి అంటుకొని అక్కడక్కడా నాలుగు అక్షరాలు మిగిలాయి.

"సదువుండ్రి సారూ," అన్నాడు బాలమల్లు.

దేవదాస్ వేలు పెట్టి తెలుగులో చెప్పాడు. "కప్పు కూలే ముందు మొట్టమొదట..."

"మొట్టమొదట ఏమైతదట సారూ?"

"తర్వాత లేదు కాకా. పురుగు తిన్నది."

అయినా ఆశ చావక దేవదాస్ వేలు నాలుకకు అద్దుకొని తర్వాతి పేజీ తిప్పాడు. అక్కడ ఆ నాలుగు అక్షరాలూ లేవు. బాలమల్లు ఆ తడివేలునే చూస్తూ నిలబడ్డాడు.

"వేలు తడి చేసుకుంటరని నాకెరుకే సారూ," అన్నాడు. "గందుకే కలుపలే."

ఏం కలపలేదో దేవదాస్ అడగలేదు. బయట రెండో షిఫ్టు సైరన్ కూసింది. మనుషులు గనిలోకి దిగుతున్నారు.