బాబాయి గొంతులోని బెర్తా

మొన్న ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో మా అమ్మాయి వాళ్ళింట్లో కాఫీ తాగుతూ కూర్చుంటే, మా అల్లుడు తన కొత్త ఫోను తెచ్చి, దీని ముందు ఏ భాషలో మాట్లాడినా తెలుగులోకి మార్చి చెప్పేస్తుంది, ఏది కావాలో అడగండి మావయ్యగారూ అన్నాడు. బెర్తా ఉందేమో చూడు బాబూ అన్నాను. వేలితో పైకీ కిందికీ తోసి తోసి చూసి, లేదండీ, అసలలాంటి భాష ఉందంటారా అని అడిగాడు. నాకు ఒళ్ళు మండింది. అల్లుడు గనక ఊరుకున్నాను గాని, ఆ భాష పదిహేనేళ్ళుగా నా నోట్లో ఉంది.

ఈ గల్ఫ్ ఎండల్లో పనిచేసిన నా ఈడువాళ్ళకి ఈ సంగతి చెబితే తెలుస్తుంది. అప్పట్లో నేను అల్ షహానియాలో ఒక ఒంటెల వైద్యశాలలో కాంపౌండరుగా ఉండేవాణ్ణి. మాది గోదావరి జిల్లా, గేదెలకి మందు తాగించడం తప్ప ఒంటె ముఖం ఎరగనివాణ్ణి. నేను మందు కలుపుతుంటే ఒంటె మెడ పట్టుకుని దాన్ని మాటలతో నిమ్మళపరిచే మనిషి ఒకాయన ఉండేవాడు. సూడాను, ఇథియోపియా కలిసే చోట కొండల్లో ఆయన ఊరు. నాకన్నా పదేళ్ళు పెద్ద, అందుకని బాబాయ్ అనేవాణ్ణి. అది తనకిచ్చిన ఉద్యోగమేదో అనుకున్నాడో ఏమో, ఎంత దూరాన ఉన్నా ఆ పిలుపుకి పలికేవాడు.

మనుషులతో ఆయన అరబ్బీలో మాట్లాడేవాడు, ఒంటెలకి మాత్రం బెర్తాలో చెప్పేవాడు. మొదటిసారి విన్నప్పుడు నేను సీసా పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మనం క అంటే ఊపిరి దాని వెంట బయటికి పోతుంది. వాళ్ళకి అలా కాని క ఒకటి వేరే ఉంది. గొంతుని క్షణం మూసి, బిగబట్టి, ఠక్కున వదులుతారు. ప, స కూడా అలాగే పలికేవి ఉన్నాయి. ఎండకి కందికాయ పగిలినట్టు వినపడుతుంది. మనం ఒకటో తరగతిలో బట్టీపట్టి, తరవాత జన్మలో మళ్ళీ ముఖం చూడని ఙ ఉంది చూడండి, వాళ్ళకి నువ్వు అనే మాటే దాంతో మొదలవుతుంది. పాపం ఆ అక్షరానికి ఇన్నాళ్ళకి పని దొరికింది గదా అని నేను ఎంత సంతోషించానో చెప్పలేను.

అప్పటినుంచి మధ్యాహ్నం ఎండకి పని ఆపే రెండు గంటలూ రేకుల షెడ్డు కింద నాకు బడి. ఆయన చెప్పడం, నేను తెలుగు అక్షరాల్లో రాసుకోవడం. బిగబట్టే హల్లుల నెత్తిన సున్నా పెట్టేవాణ్ణి. అది చాలదని తరవాత తెలిసింది, ఎందుకంటే ఆ భాషలో మాటకి శ్రుతి ఉంది. అవే అక్షరాలు పైకెత్తి అంటే ఒకటి, దించి అంటే మరొకటి. చిన్నప్పుడు చర్చి క్వయర్‌లో పాడినవాణ్ణి గనక చెవికి పట్టుబడింది గాని, నోటికి రావడానికి ఏడాది పట్టింది. ఆయన విసుక్కునేవాడు కాదు, యల్లా, మళ్ళీ అను అనేవాడు.

ఇక వాక్యం సంగతి. మనకి చివరిదాకా వింటేగాని మనిషి తిన్నాడో మానాడో తెలియదు. వాళ్ళకి తిన్నవాడి వెనకే తినడం వచ్చేస్తుంది, ఏం తిన్నాడన్నది ఆ తరవాత. పెద్ద ఇల్లు అనరు, ఇల్లు పెద్ద అంటారు. నా ఒంటె అనరు, ఒంటె నా అన్నట్టు చెబుతారు. ముందు వస్తువును తెచ్చి మన ఎదట పెట్టి, ఆ పైన అది ఎలాంటిదో ఎవరిదో చెప్పడం నాకెంతో మర్యాదగా తోచేది. అరబ్బీ కూడా ఇంచుమించు అంతేనట గాని, మేము మాట్లాడే క్యాంపు అరబ్బీకి వ్యాకరణం ఎక్కడ ఏడ్చింది.

ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక బాబాయి వాళ్ళమ్మకి ఫోను చేసేవాడు. ఆవిడకి చూపు పోయి చాలా ఏళ్ళయింది, బెర్తా తప్ప మరో భాష రాదు. అక్కడ పెద్దకోడలు ఫోను పట్టుకునేది, ఇక్కడ మేమంతా వింటూండగానే ఈయన స్పీకర్ పెట్టేవాడు. ప్రతి వారమూ మొదటి మాట ఒక్కటే, వాన పడిందా అమ్మా అని. ఆ తరవాత జొన్నచేను, మేకలు, ఆవిడ మోకాలు. ఆ కొడుకు ఆవిడకి గొంతుగానే తెలుసు.

ఆ గొంతుకే జబ్బు చేసింది. బొంగురు అనుకున్నది రాచపుండని తేలింది, స్వరపేటిక తీసేస్తేగాని బతకడన్నారు డాక్టర్లు. మనిషి తన ప్రాణం గురించి ఒక్క మాటా అనలేదు. ఆపరేషన్‌కి ఇంకా మూడు వారాలుందనగా షెడ్డు కిందికి వచ్చి కూర్చుని, గొంతు తీసేశాక శుక్రవారాలు మా అమ్మతో నువ్వు మాట్లాడాలి, నాకు ఒంట్లో బాగాలేదని మాత్రం తెలియకూడదు అన్నాడు.

మా గదిలో వంట చేసే జగిత్యాల అన్న కూడా అదే మాట. “ఇంటికి ఎర్కైతే ముసలమ్మ ఆగమైతది తమ్మీ. డ్యూటీకి పోయిండని చెప్పు, అయిపాయె” అన్నాడు. ఆయన నిచ్చెన మీంచి పడి, మూడు నెలలు కాలికి పిండికట్టుతో మంచాన ఉండి కూడా, ఇక్కడ కులాసా అని ఇంటికి చెప్పినవాడు. గల్ఫ్‌లో మనవాళ్ళందరిదీ ఇదే ఆచారం. నేనూ అంతే, కామెర్లొచ్చి పడి ఉన్నప్పుడు మా ఆవిడకి జలుబన్నాను. కాబట్టి అబద్ధమాడటం నాకు తప్పనిపించలేదు, బెర్తాలో తడబడకుండా ఆడగలనా అన్నదే బెంగ. ఆ మూడు వారాలూ ఆయన అరిగిపోయిన గొంతుతో తను అడిగే ప్రశ్నలన్నీ తన యాసలో, తన శ్రుతిలో నాకు నూరిపోశాడు.

ఆపరేషన్ తరవాత ఆయన గదికి వచ్చిన మొదటి శుక్రవారం ఫోను చేశాం. మెడకి గొట్టంతో ఆయన నా పక్కన మంచం మీద కూర్చున్నాడు. నేను మీ అబ్బాయి స్నేహితుణ్ణి, ఆయన డ్యూటీకి వెళ్ళాడు, బాగున్నాడు, వాన పడిందా అమ్మా అన్నాను. ఒక్క తప్పు రాలేదు. జగిత్యాల అన్న మెచ్చుకుంటూ తలాడించాడు.

 ఆవిడ, నాకు అర్థం కావాలని కాబోలు, ఒక్కొక్క మాటే విడదీసి అడిగింది.

“నీకు మా మాట ఎవరు నేర్పారు?”

మీ అబ్బాయే అన్నాను.

“పరాయివాడివి, నా కొడుకు అడిగినట్టే అడుగుతున్నావు. నోరున్నవాడు తన తల్లిని అడిగే మాట ఇంకొకడి నోట్లో పెట్టడు. వాడి గొంతు పోయింది కదూ? నీ పక్కనే ఉన్నాడా?”

బాబాయి చెప్పొద్దని తల అడ్డంగా ఊపాడు, చేతులు కూడా జోడించాడు. ఎన్నో ఇళ్ళకి ఎన్నో అబద్ధాలు చెప్పిన నోరు నాది, ఆ క్షణాన మాత్రం అబద్ధం రాలేదు. అంత తెలివైన తల్లిని మోసం చేయడానికి నాకు సిగ్గేసింది. ఉన్నాడమ్మా, ప్రాణానికి భయం లేదు, మాట ఒక్కటే పోయింది అన్నాను.

ఆవిడ ఏడవలేదు. ఫోను మీద వేలితో కొట్టమను, వింటాను అంది. ఆయన వేలితో టక్కుమని ఒకసారి కొట్టాడు. అప్పుడు మొదలుపెట్టింది, అరగంట ఆగకుండా మాట్లాడింది, ఆయన కళ్ళ నీళ్ళతో కొడుతూనే ఉన్నాడు. జగిత్యాల అన్న పొయ్యి మీద కూర మాడుతున్నా కదల్లేదు. రెండు నెలలు తిరగకుండా కంపెనీ లెక్క తేల్చుకుని బాబాయి కొండలకి వెళ్ళిపోయాడు.

ఆ తరవాత రెండేళ్ళు శుక్రవారాలు నేనే చేసేవాణ్ణి. కొడుకు చెయ్యి పట్టుకుని కూర్చునే, వాడిలా అడుగు నాయనా అనేది ఆవిడ. వాన పడిందా అమ్మా అని నేను ఆయన శ్రుతిలో అడిగేవాణ్ణి. ఎక్కడైనా స్వరం దిగితే ఒప్పుకునేది కాదు, మళ్ళీ అనిపించేది. వాన పడితే బాబాయి కూడా ఫోను మీద ఒక్క దెబ్బ కొట్టేవాడు, పడకపోతే రెండు.

ఒక శుక్రవారం పెద్దకోడలు ఎత్తి, అత్త పోయిందని చెప్పింది. నోటికి అలవాటైన మాటే అడిగాను. అవతలినుంచి టక్కుమని ఒక్క దెబ్బ వినిపించింది. వాన పడిందన్నమాట. కొన్నాళ్ళకి ఆ నంబరు కూడా పలకడం మానేసింది.

ఇప్పుడు ఒకే గదిలో నాలుగు దేశాలవాళ్ళుంటారు, ఈ ఫోన్లుండగా ఒకరి మాట ఒకరు నేర్చుకునే అవసరం ఎవరికీ లేదు. వాళ్ళని తప్పుపట్టను, వాళ్ళ పని వాళ్ళకి జరిగిపోతోంది. నా దగ్గర మాత్రం ఒక తల్లి తన కొడుకుదని ఒప్పుకున్న గొంతు ఉంది, అందులో వాన పడిందా అని అడగడానికి ఎవరూ లేరు.